జక్కయ్యగారి స్టాండు

భవానీపురంలో ఎబెనెజరు ఫోటో స్టూడియో జక్కయ్యగారికి లోకంలో ఒకే ఒక్క శత్రువు. ఆ శత్రువుకి మూడు కాళ్ళు. పేరు స్టాండు.

ఆయన తీసిన ఫోటోలో ఎవరి మొహం చెదిరినా, ఎవరికి రెండు ముక్కులొచ్చినా, ఎవరి మీసం చెవిదాకా పాకినా, తప్పు మనిషిది కాదు, ఎండది కాదు, కెమెరాది అసలే కాదు. "స్టాండు ఊగిందండీ" అనేవారు. అని ఊరుకోకుండా నలుగురి ముందూ దాన్ని చెడామడా దులిపేసేవారు. "నీ కాళ్ళిరగా, పెద్దమనుషులు కూర్చుంటే నీకు డాన్సులా?" అని కోప్పడేవారు. పాలు విరిగినా పాలవాణ్ణి పల్లెత్తు మాట అనని మనిషి. చర్చిలో రెండో వరసలో కూర్చుని కళ్ళు మూసుకుని కీర్తనలు పాడే మనిషి. ఆ నోటివెంట ఈ మాటలేమిటా అని భార్య సువార్తమ్మ ఇరవయ్యేళ్ళుగా ఆశ్చర్యపోతూనే ఉంది.

ఓసారి రేషన్ షాపు వెంకటప్పయ్యగారి మనవడికి పుట్టినరోజు ఫోటో తీశారు. ఆ పిల్లాడు కుర్చీలో కూర్చున్నది తక్కువ, ఎగిరింది ఎక్కువ. కార్డు చేతికొచ్చేసరికి పిల్లాడికి నాలుగు తలకాయలు.

"ఇదేంటండీ జక్కయ్యగారూ, మావాడు బ్రహ్మదేవుడిలా వచ్చాడు?" అన్నారు వెంకటప్పయ్యగారు.

పిల్లాడి తల్లి అప్పటికే చెయ్యెత్తింది. "చెబితే విన్నావా వెధవా, కదలకురా అంటే..."

"అయ్యయ్యో, బాబునేం అనకండమ్మా!" జక్కయ్యగారు అడ్డం వచ్చేశారు. "బాబు బంగారు బొమ్మలా కూర్చున్నాడు. స్టాండే నాలుగుసార్లు ఊగింది."

ఎత్తిన చెయ్యి దిగింది. పిల్లాడు కుర్చీ మీదనించి ఇంకోసారి ఎగిరాడు.

ఇంకోసారి ఒక పెళ్ళికొడుకు. ఆయన మోకాళ్ళు ఎంత వణికాయంటే, ఫోటోలో పంచె అంతా కృష్ణలో కెరటాల్లా పడింది. మామగారు ఫోటో అటు తిప్పి, ఇటు తిప్పి, "అల్లుడుగారికి ఏవన్నా జబ్బాండీ?" అని మెల్లిగా అడిగారు. "జబ్బేంటండీ! అల్లుడుగారు ధ్వజస్తంభంలా నిలబడ్డారు. మా స్టాండుకే మలేరియా" అన్నారు జక్కయ్యగారు. రెండో ఫోటో ఊరికే తీసిచ్చారు. తప్పు తన స్టాండుది అయినప్పుడు జనం దగ్గర డబ్బులెలా పుచ్చుకోవడం?

దాంతో భవానీపురంలో స్థిరం లేని ప్రతిదానికీ అదే పేరు స్థిరపడిపోయింది. కాఫీ హోటల్లో బల్ల ఊగితే "జక్కయ్యగారి స్టాండు". ఇవాళ ఔనని రేపు కాదనే మనిషి "జక్కయ్యగారి స్టాండు". ఆఖరికి సువార్తమ్మ పాఠం చెప్పే మున్సిపల్ బడిలో హెడ్మిస్ట్రెస్ శౌరమ్మగారు తన కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా, "సువార్తా, ఇది మీ ఆయన స్టాండుకి చుట్టమే!" అని నవ్వేది. సువార్తమ్మ కూడా నవ్వేది గానీ, ఇంటికొచ్చి అన్నం గిన్నె గట్టిగా దించేది.

"కొత్తది కొనుక్కోవచ్చు కదండీ?"

"కొనాలి సువార్తా. మంచిది దొరకాలిగా?"

దొరకదు. పన్నెండేళ్ళుగా దొరకలేదు.

అదీ కెమెరా అంటే మామూలు కెమెరా కాదు మరి. దేశం విడిచి వెళ్ళిపోతూ ఒక దొరగారు జక్కయ్యగారి తండ్రికి ఇచ్చి వెళ్ళిన కర్ర కెమెరా. ఇత్తడి బిగింపులు, అకార్డియన్ పెట్టెలా సాగే తోలు తిత్తి, ముందు బత్తాయంత అద్దం. ఫిల్ము రోలు కాదు, గాజు ప్లేటు పెట్టాలి. ఎత్తితే ఏడాది పిల్లాణ్ణి ఎత్తినంత బరువు. నల్లగుడ్డ కప్పుకుని చూసి, అద్దం మూత తీసి, లోపల్లోపల అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ మూత పెడితే ఫోటో. ఆ మూత తీసిన కాసేపట్లో కెమెరా గానీ మనిషి గానీ వెంట్రుకవాసి కదలకూడదు. అలాంటి కెమెరాకి స్టాండు గట్టిగా ఉండాలంటే ఎవరు కాదంటారు?

కానీ జక్కయ్యగారు స్టాండు కొనే పద్ధతి చూస్తే పెళ్ళిచూపుల్లో వంకలు పెట్టే మేనత్తలు కూడా సిగ్గుపడాలి. గవర్నరుపేటలో ఫోటో సామాన్ల కొట్లో ఒక అల్యూమినియం స్టాండు చూపించారు.

"జర్మనీ మోడలండీ" అన్నాడు కొట్టతను.

జక్కయ్యగారు దాని మీద ఉఫ్ మని ఊదారు. అది సన్నగా వణికింది.

"జర్మనీలో గాలి ఉండదా బాబూ?" అన్నారు.

ఇనప స్టాండు చూపిస్తే, "దీన్ని మోయడానికి ఇంకో స్టాండు కొనాలి" అన్నారు. నడిమి గొట్టం పైకి సాగేది చూపిస్తే, "ఇది స్టాండు కాదు, కొంగ" అన్నారు. బందరు రోడ్డులో ఇంకో కొట్లో ఏ వంకా లేని స్టాండు ఒకటి దొరికింది. జక్కయ్యగారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఊపారు. వంగి చూశారు. చివరికి పెదవి విరిచి, "రంగు నచ్చలేదు" అన్నారు.

"నల్లగుడ్డలో తల దూర్చేవాళ్ళకి రంగుతో పనేంటండీ?" అని కొట్టతను నెత్తి కొట్టుకున్నాడు.

డెబ్బై నాలుగో సంవత్సరం మాఘమాసంలో పామర్రు నించి మల్లేశ్వరరావుగారు వచ్చారు. అక్కడి చేనేత సహకార సంఘానికి సెక్రటరీ. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ప్రతి మాటా ఉపన్యాసం ధోరణే.

"మా సంఘానికి పాతికేళ్ళు నిండాయండీ. నూట నలభై మంది సభ్యులు. అందరూ ఒక్క ఫోటోలో పడాలి, ప్రతి మొహం స్పష్టంగా తెలియాలి. చిన్న కెమెరాలతో అది కాదంటున్నారు. మీ పెద్ద కెమెరానే కావాలి."

జక్కయ్యగారి మొహం వెలిగింది. గడిచిన ఏడాదిలో ఆ కెమెరా గడప దాటి మూడుసార్లే వెళ్ళింది. బీసెంట్ రోడ్డు స్టూడియోలన్నీ చేతిలో పట్టే కెమెరాలు కొనేశాయి. ఎబెనెజరు స్టూడియోకి మిగిలినవి పాస్‌పోర్టు ఫోటోలు, హాల్ టిక్కెట్టు ఫోటోలు. ఈ ఫోటో బాగా వస్తే డెల్టాలో ఉన్న సంఘాలన్నీ చూస్తాయి. రాకపోతే ఆ కర్ర కెమెరా ఇక మూల కూర్చుని బూజు పట్టించుకోవాల్సిందే.

"కానీ ఒక్క షరతు" అన్నారు మల్లేశ్వరరావుగారు. "పోయినసారి మా డైరెక్టర్ల ఫోటోకి పదకొండు మందిని మూడుసార్లు కూర్చోబెట్టారు. స్టాండు ఊగిందన్నారు. నూట నలభై మందిని మూడుసార్లు కూర్చోబెట్టడం బ్రహ్మ తరం కూడా కాదు. కొత్త స్టాండు కొంటే ఆర్డరు మీది. లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటాం. వచ్చే ఆదివారం."

"చూద్దామండీ. మంచిది దొరకాలి..." అని మొదలుపెట్టారు జక్కయ్యగారు.

"దొరుకుతుందండీ" లోపలినించి సువార్తమ్మ వచ్చి గట్టిగా అంది. "ఈసారి నేను వెళ్తున్నాను."

శుక్రవారం సెలవు పెట్టి, మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆవిడ బయల్దేరింది. చేతిలో గుడ్డసంచి. అందులో రెండు ఇటుకలు, ఒక స్టీలు గ్లాసు, సీసాతో మంచినీళ్ళు. పంతులమ్మ కదా, పరీక్ష పెట్టకుండా ఎవర్నీ పాస్ చెయ్యదు. స్టాండు కాళ్ళు పూర్తిగా సాగదీయించేది. దాని నెత్తిన గ్లాసు పెట్టి నిండా నీళ్ళు పోసేది. ఒక కాలిని వేలితో టక్ మని కొట్టి, నీళ్ళ మీద అలలు ఆగేదాకా పైకి లెక్కపెట్టేది.

గవర్నరుపేట అల్యూమినియం స్టాండు దగ్గర లెక్క తొమ్మిది దాకా వచ్చింది. ఇటుకల సంచీ తగిలించగానే దానికి మోకాళ్ళు వంగాయి.

"కెమెరా ఎక్కిస్తే మోకాళ్ళ ప్రార్థనే" అంది సువార్తమ్మ.

బందరు రోడ్డు స్టాండు దగ్గర ఐదుకే ఆగింది. బాగానే ఉంది గానీ ధర విన్నాక ఆవిడ గ్లాసులో నీళ్ళు తనే తాగేసింది. మూడొందల యాభై. జక్కయ్యగారు మాత్రం పక్కన నిలబడి, "నే చెప్పలా? దొరకదు సువార్తా, ఇంటికి పోదాం పద" అంటున్నారు. ఆ గొంతులో విచారం కంటే హుషారే ఎక్కువుందని ఆవిడకి అనిపించింది. ఎండకి తనకేదో అయిందనుకుంది.

వన్ టౌన్లో పాత సామాన్ల కొట్టు రామకోటేశ్వరరావుగారిది. సర్కారు వేలంపాటల్లో కొన్న కుర్చీలు, గడియారాలు, గంటలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆ గుట్ట వెనక గోడకి ఆనించి ఉంది అది. టేకు కాళ్ళు, ఇత్తడి కీళ్ళు, అడుగున ఇనప మొనలు.

"అదేంటండీ?" అంది సువార్తమ్మ.

"కాలవల సర్వేవాళ్ళదమ్మా. దూరాలు కొలిచే యంత్రాన్ని దీని మీద పెట్టేవాళ్ళు. ముప్పయ్యేళ్ళు ఈ డెల్టాలో కాలవ గట్ల మీద నిలబడింది. ఎండా, వానా, గాలీ అన్నీ చూసింది."

గ్లాసు పెట్టింది. నీళ్ళు పోసింది. కాలిని వేలితో కొట్టింది. "ఒకటి" అని నోరు తెరిచేలోపే అలలు ఆగిపోయాయి. వేలు మాత్రం నొప్పెట్టింది. ఇటుకల సంచీ తగిలించింది, అది ఇంకా కుదురుగా నిలబడింది. కర్ర కాబట్టి అదురు తనలోనే మింగేస్తుందని రామకోటేశ్వరరావుగారు వివరించారు. తొంభై చెప్పి డెబ్బైకి దిగారు.

"మీరూ చూడండి" అంది మొగుణ్ణి.

జక్కయ్యగారు ఊదారు. వేలితో నెట్టారు. చేత్తో నెట్టారు. భుజంతో నెట్టారు. ఆఖరికి దాన్ని పట్టుకుని వేలాడబోతే ఆవిడ ఆపింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"బాగానే ఉంది..." అన్నారు నీరసంగా. "మరీ గట్టిగా ఉంది."

"గట్టిగా ఉండటం కూడా తప్పేనా?"

"అది కాదు సువార్తా. ఇది కాలవల్ని చూసిన స్టాండు. మనుషుల్ని చూసిన అనుభవం లేదు దీనికి."

"కొత్త కోడలికి మాత్రం అనుభవం ఉంటుందాండీ?" అన్నారు రామకోటేశ్వరరావుగారు. "వచ్చాక నేర్చుకుంటుంది."

ఆవిడ డబ్బులిచ్చేసింది. పక్క వీధిలో లేతు మిషను దగ్గర, కెమెరా బిగించడానికి సరిపడేలా ఇత్తడి పలక ఒకటి చేయించింది. రిక్షాలో ఇంటికొస్తుంటే స్టాండు ఇద్దరి మధ్యా నిటారుగా కూర్చుంది. జక్కయ్యగారు మాత్రం జారగిలబడిపోయారు.

"ఏంటండీ అలా ఉన్నారు?"

"ఇకమీద ఫోటో చెడితే ఎవర్ని అంటాం?"

"చెడదుగా! అందుకేగా కొన్నది" అంది సువార్తమ్మ. ఇంత తెలివితక్కువ ప్రశ్న ఈ మనిషి నోట ఎప్పుడూ వినలేదు. అప్పుడు ఆవిడకి అలా అనిపించింది.

ఆదివారం చర్చిలో పొద్దున్నే జరిగే మొదటి ఆరాధన ముగించుకుని పామర్రు బస్సెక్కారు. కెమెరా జక్కయ్యగారి ఒళ్ళో, స్టాండు బస్సు పైన, ప్లేట్ల పెట్టె సువార్తమ్మ ఒళ్ళో. మగ్గాల షెడ్డు ముందు ఖాళీ జాగాలో బెంచీలు మెట్లుమెట్లుగా వేయించి ఉంచారు మల్లేశ్వరరావుగారు. నూట నలభై మంది ఉతికిన బట్టల్లో, నూనె రాసి దువ్విన తలల్తో బారులు తీరారు. ముందు వరస మధ్యలో చేతుల కుర్చీ. అందులో హనుమాయమ్మగారు. సంఘం పెట్టిన మొదటిరోజు వేలిముద్ర వేసిన ఏడుగురిలో మిగిలింది ఆవిడొక్కతే. డెబ్బై దాటాయి. తను నేసిన జరీ అంచు చీర కట్టుకుంది.

సెక్రటరీగారు బెంచీ ఎక్కి ఉపన్యాసం అందుకున్నారు.

"సభ్యులారా! ఈసారి జక్కయ్యగారు కొత్త స్టాండు తెచ్చారు. టేకు స్టాండు! ఏనుగు తన్నినా ఊగదు! కాబట్టి ఫోటో చెడిందంటే కదిలింది మనమే. ఎవరు కదిలారో ఫోటోలో తెలిసిపోద్ది. పాతికేళ్ళ పేరు చెడగొట్టినవాళ్ళు వాళ్ళే అవుతారు. ఊపిరి కూడా బిగబట్టండి!"

నూట ముప్పై తొమ్మిది మంది శిలల్లా బిగుసుకున్నారు.

జక్కయ్యగారు నల్లగుడ్డలో దూరారు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక, కుడివైపు చివర నిలబడ్డాయన్ని కాస్త జరగమన్నారు. మళ్ళీ దూరారు. మళ్ళీ వచ్చి, బెంచీ కింద ఉన్న కోడిని తోలించారు. సువార్తమ్మకి అర్థం కాలేదు. అంతా సరిగ్గానే ఉందిగా, ఇంకేం చూస్తున్నాడీయన?

అంతలో ముందు వరస నించి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"నాయనా మల్లేశ్వరరావూ, నాకు కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి. నేను లోపల కూర్చుంటా. మీరు దిగండి."

హనుమాయమ్మగారు కుర్చీ పట్టుకుని లేవబోతోంది. అప్పుడు చూసింది సువార్తమ్మ. ఆవిడ రెండు చేతులూ కొంగు కింద ఉన్నాయి. ఆ కొంగు ఆగకుండా అదురుతోంది. తల కూడా, ఎవరో పిలిస్తే కాదు కాదు అంటున్నట్టు, అటూ ఇటూ సన్నగా ఆడుతోంది. వయసుతో వచ్చిన వణుకు.

"అదేంటి పిన్నీ, నువ్వు లేకుండా ఫోటో ఏంటి? కాసేపు గట్టిగా బిగబట్టుకో!" అన్నారు మల్లేశ్వరరావుగారు.

"నావల్ల కాదయ్యా. అప్పుడెప్పుడో మచిలీపట్నంలో ఫోటో దిగబోతే, కదలొద్దు ముసలమ్మా అని ఆ ఫోటో అతను అందర్లో కసురుకున్నాడు. అప్పట్నించీ దిగలా. నా ఒక్కదాని కోసం అందరిదీ ఎందుకు చెడాలి?"

జక్కయ్యగారు గుడ్డ లోంచి తల బయటపెట్టారు. జుట్టు రేగిపోయి ఉంది. అలవాటు ప్రకారం నోరు తెరిచారు. "అబ్బే, మీదేం లేదండీ, ఈ స్టాం..."

అని ఆగిపోయారు. స్టాండు వంక చూశారు. ఇనప మొనలు నేలలో దిగేసుకుని, పోలీసు జవానులా అది నిటారుగా నిలబడి ఉంది. ఏనుగు తన్నినా ఊగదని నూట నలభై మంది చెవుల్లో ఇప్పుడే పడింది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో మొగుడికి మాట దొరక్కపోవడం సువార్తమ్మ అదే మొదటిసారి చూడటం.

ఆవిడ ఆ స్టాండు వంక చూసింది, హనుమాయమ్మగారి కొంగు వంక చూసింది, మళ్ళీ మొగుడి మొహం వంక చూసింది. నాలుగు తలల పిల్లాడు, ఈయన అడ్డం వచ్చి ఆపిన తల్లి చెయ్యి గుర్తొచ్చాయి. మోకాళ్ళు వణికిన పెళ్ళికొడుకు గుర్తొచ్చాడు. రంగు నచ్చలేదన్న స్టాండు గుర్తొచ్చింది. ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి.

అయ్యో నా తల్లీ, అనుకుంది. ఆ పాత స్టాండు ఏనాడూ ఊగలేదు!

ఏ తప్పూ చెయ్యని దాన్ని ఊరంతటి చేతా తిట్టించి, ఆ చాటున ఇంతమందిని కాపాడుకుంటూ వచ్చాడీయన. గట్టి స్టాండు కొంటే ఆ చాటు పోతుంది. పట్టుబట్టి కొనిపించింది ఎవరు? గ్లాసుతో నీళ్ళు మోసుకెళ్ళి మరీ కొనిపించింది ఎవరు?

"ఏవండీ!" అని గట్టిగా అరిచింది సువార్తమ్మ. అందరూ ఉలిక్కిపడ్డారు. "ఈ కొత్త స్టాండు కూడా ఊగుతోందండీ!"

జక్కయ్యగారు పెళ్ళాం వంక గుడ్లప్పగించి చూశారు.

"ఎక్కడమ్మా?" మల్లేశ్వరరావుగారు గబగబా వచ్చి స్టాండుని పట్టుకుని ఊపారు. అది కదల్లేదు. ఆయన జేబులోంచి రెండు పెన్నులూ జారిపడ్డాయి. "రాయిలా ఉంది కదమ్మా టీచరుగారూ!"

"పైకి తెలియదండీ. లోపల అద్దంలో చూసేవాళ్ళకే తెలుస్తుంది. ఏమండీ, చెప్పరేం?"

జక్కయ్యగారికి ప్రాణం లేచొచ్చింది. "అవునండీ! కాలవల స్టాండు కదండీ ఇది. ముప్పయ్యేళ్ళు నీళ్ళ పక్కన బతికింది. ఆ అలవాటు పోలేదు. అలల్లాగా లోపల్లోపల ఊగుతోంది, దీని తాడు తెగ! హనుమాయమ్మగారూ, మీరు కూర్చోండమ్మా. మీరు రథంలా కూర్చున్నారు. దీనికే బుద్ధి లేదు."

హనుమాయమ్మగారు అనుమానంగా చూసింది. చూసి, మెల్లిగా కూర్చుంది.

"మరిప్పుడెలాగండీ?" అన్నారు సెక్రటరీగారు దిగాలుగా.

"ఉపాయం ఉందండీ. స్టాండు ఇలా ఊగినప్పుడు ఎదర ఉన్నవాళ్ళంతా ఒకరి చేతులొకరు గట్టిగా పట్టుకుని, వెనక వరసవాళ్ళు ముందువాళ్ళ భుజాల మీద చేతులేస్తే సర్దుకుంటుంది."

మల్లేశ్వరరావుగారు ఆలోచించారు. "ఊగేది స్టాండైతే, మేం చేతులు పట్టుకోవడమేంటండీ?"

"సైన్సండీ" అన్నారు జక్కయ్యగారు.

సైన్సు అన్నాక సెక్రటరీగారు ఇంకేం అనలేకపోయారు. నూట నలభై మంది చేతులు కలిపారు. మాటల్లేక ఆరునెలలైన ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కన ఉన్నారు. సైన్సు కోసం వాళ్ళూ తప్పక పట్టుకున్నారు. హనుమాయమ్మగారి కుడిచెయ్యి ఒకావిడ, ఎడంచెయ్యి ఒకావిడ రెండేసి చేతుల్తో పొదివి పట్టుకున్నారు. వెనకావిడ భుజాల మీద చేతులేసి, ఆవిడ తలని తన పొట్టకి ఆనించుకుంది. వణుకు తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. ఎండ ఇంకాస్త పైకొచ్చేదాకా ఆగి, వెలుతురు ఎక్కువ పడేలా అద్దం కన్ను పెద్దది చేసి, మూత తీసి రెప్పపాటులో మూసేశారు జక్కయ్యగారు. ప్లేటు మార్చి ఇంకోటి తీశారు.

"అయిపోయిందండీ! స్టాండు మాట విన్నది!"

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలి గోలగోలగా నవ్వారు. ఆ అన్నదమ్ములిద్దరూ ఇంకా చేతులు వదల్లేదు, మరిచిపోయినట్టున్నారు.

సామాను సర్దుతుంటే హనుమాయమ్మగారు సువార్తమ్మని దగ్గరికి పిలిచింది. వణికే చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"అమ్మాయ్, ఆ కొయ్య ఊగలేదు."

సువార్తమ్మ గతుక్కుమంది.

"అరవయ్యేళ్ళు మగ్గం గుంటలో కూర్చున్నదాన్ని. ఏ కొయ్య ఊగుద్దో, ఏ కొయ్య ఊగదో నాకు తెలవదా?" అని బోసినోటితో నవ్వింది. "మీ ఆయనకి మాత్రం చెప్పబాక. నమ్మాననుకోనీ, పాపం."

మర్నాడు పొద్దున ఎబెనెజరు స్టూడియో చీకటి గదిలో ఎర్రదీపం కింద ప్లేటు కడుగుతున్నారు. బడికి వెళ్ళబోతూ సువార్తమ్మ కూడా దూరింది. మందునీళ్ళలో గాజు మీద మెల్లిగా వరసలు తేలాయి. నెగెటివు కదా, మొహాలు నల్లగా, జుట్లు తెల్లగా, అన్నీ తారుమారుగా. జక్కయ్యగారు భూతద్దం పెట్టి ముందు వరస మధ్యలో చూశారు. చూసి, అద్దం ఆవిడకిచ్చారు. హనుమాయమ్మగారి ప్రతి ముడతా తెలుస్తోంది. పెదాలు బిగబట్టుకుని నవ్వాపుకుంటోంది ఆ పెద్దావిడ.

"నెగ్గాం" అన్నారు జక్కయ్యగారు.

"నాక్కూడా చెప్పలేదేమండీ ఇన్నేళ్ళూ?" అంది సువార్తమ్మ. "ఊళ్ళో అంతా నవ్వుతుంటే నేనూ ఆ స్టాండుని ఎన్ని మాటలన్నాను!"

ఆయన ప్లేటుని అటూ ఇటూ ఆడించారు.

"నీకు ఎలా చెప్పేది సువార్తా? ఈ అలవాటు మొదలైందే నీతో."

"నాతోనా?"

"పెళ్ళయిన మూడో రోజు. మీ అమ్మకి పంపడానికి నీ ఫోటో తీస్తానని కూర్చోబెట్టాను. నీకు కొత్త, నేనంటే భయం, ఆ కెమెరా అంటే ఇంకా భయం. తమలపాకులా వణికిపోయావు. ఒకటి చెడింది. రెండోది చెడింది. నీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, నావల్ల పాడైపోతోందండీ అని. ఏం చెయ్యను? కళ్ళెదురుగా స్టాండు కనపడింది. దాన్ని పట్టుకుని తిట్టాను. నువ్వు పకపకా నవ్వావు. మూడో ప్లేటు బ్రహ్మాండంగా వచ్చింది. ఇదేదో బాగానే ఉందనిపించింది."

ఎర్రటి వెలుతురులో సువార్తమ్మ మొహం కనిపించలేదు. బయట బడి గంట కొడుతున్నా ఆవిడ కదల్లేదు.

"నేనేం వణకలేదు" అంది. "ఆ రోజు స్టాండే ఊగింది. నాకు బాగా గుర్తు."

"అంతేగా మరి" అన్నారు జక్కయ్యగారు. "స్టాండే."